అని మేము చెప్పము

ప్రెస్సులో అందరూ ఆమెను దారాలమ్మ అనేవారు. పని చేస్తున్నంతసేపూ ఆమె మెడలో రెండు మూడు తెల్ల నూలు పోగులు దండలా వేలాడుతుండేవి. సూదిలోకి ఎక్కించడానికి చేతికి అందుబాటులో ఉంటాయని తనే వేసుకునేది. సాయంత్రం తీయడం మరిచిపోయి బస్సెక్కితే, పక్కసీటామె ఎవరో చెప్పినప్పుడు నాలుక కరుచుకుని తీసి సంచిలో పడేసేది. పద్నాలుగేళ్ళుగా పుస్తకాలు కుట్టి జిగురు పెట్టే పని ఆమెది.

ఆ సోమవారం ఉదయం ఆమె కుడుతున్నది సొంత మామగారు రాసిన పుస్తకం. ఆయన భూముల కొలతల ఆఫీసులో సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యారు. చర్చిలో ఆయనకి జవాబుల పెద్దాయన అని పేరు. ఎవరైనా వచ్చి, మనిషిగా పుట్టినవాడు దేవుడెలా అవుతాడని వాదిస్తే, చర్చివాళ్ళు “ఉండండి, మా పెద్దాయన్ని పిలుస్తాం” అనేవారు. ఆయన వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, వేళ్ళు మడుస్తూ ఒకటి, రెండు, మూడు అని మొదలుపెడితే ఎదుటివాడు నాలుగోదాకా నిలబడేవాడు కాదు. ఆ జవాబులన్నిటినీ పుస్తకంగా వేయించాలని చర్చి కమిటీ తీర్మానించింది. అరవై నాలుగు పేజీలు. పదహారు పేజీలు ఒక ఫారం చొప్పున నాలుగు ఫారాలు. మొదటి రెండిటిలో ఇతర మతాలవాళ్ళకి జవాబులు, మూడోదానిలో క్రీస్తు పేరు చెప్పుకుంటూనే తప్పు బోధ చేసేవాళ్ళకి జవాబులు, నాలుగోది యువతీయువకులకు హితబోధ.

ప్రెస్సు యజమానిది వేరే మతం. ప్రూఫులన్నీ తనే చదువుతాడు కాబట్టి ఈ పుస్తకమూ చదివాడు.

“అమ్మా దారాలమ్మా, రెండో ఫారంలో మా మతం గురించి మీ మామగారు రాసింది చదివాను” అన్నాడు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. “చదివాక ఆ మతంలో ఛస్తే చేరకూడదని నేనూ నిర్ణయించుకున్నాను. కానీ అది మాది కాదు. ఎవరిదో పాపం.”

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది గాని, నవ్వొచ్చో నవ్వకూడదో తెలియక మధ్యలో ఆపేసింది.

కుట్టేవాళ్ళు పుస్తకం చదవరు. ఫారాన్ని సరిగ్గా మధ్యకి తెరిచి, మడత మీద సూది లోపలికి దించి, బయటికి తీసి, దారం లాగి, తరువాతి ఫారం పైన పెడతారు. చేతులు వాటంతటవే నడుస్తాయి. కళ్ళు మడతకి అటూ ఇటూ ఉన్న రెండు పేజీల మీద ఆనుతాయే తప్ప అక్షరాలు లోపలికి వెళ్ళవు. అలా ముందు వారం నుంచి మూడు వందల పుస్తకాలు అయిపోయాక, దారం చిక్కుపడి విప్పుతున్నప్పుడు, ఆమె కళ్ళ ముందున్న వాక్యం మొదటిసారి లోపలికి వెళ్ళింది.

టేపు మెడలో వేసుకుని బోధకులైపోయినవారు రాసుకున్న కరపత్రంలోని మాటలివి, అని ఉంది అక్కడ. దాని కింద, పెద్ద అక్షరాల్లో: మందు మింగేవాడికి దేవుని మీద విశ్వాసం లేదు.

టేపు మెడలో వేసుకున్న బోధకుడంటే ఎవరో ఊరందరికీ తెలుసు. టైర్ల షాపు పైన మేడ మీద హాలు అద్దెకు తీసుకుని ప్రార్థనలు నడుపుతున్న టైలరు. రోగులను స్వస్థపరుస్తాడని అతనికి పేరు. అతని కరపత్రాన్ని మూడు నెలల క్రితం ఈ ప్రెస్సులోనే అచ్చువేశారు. దానికి పిన్నులు కొట్టింది దారాలమ్మే. ఆ వాక్యం ఆమెకి గుర్తుంది. ఎందుకు గుర్తుందంటే, అది నడిమి పేజీలో ఎడమ పక్క చివర మొదలై కుడి పక్క పైన ముగిసింది. పిన్ను కొడుతున్నప్పుడల్లా కుడి పక్క పైన ఉన్న మూడు మాటలే కంటికి ముందు తగిలేవి.

ఆమె సూది గుచ్చి పెట్టి లేచింది. పాడైన కాగితాల కట్ట జిగురు బల్ల కింద ఉంటుంది. దులిపి, తిరగేసి, అడుగు నుంచి వంకరగా కోత పడ్డ కరపత్రం ఒకటి బయటికి లాగింది. మధ్యకి తెరిచింది. ఎడమ పేజీ చివర: మందు మింగేవాడికి దేవుని మీద విశ్వాసం లేదు. కుడి పేజీ పైన: అని మేము చెప్పము. విశ్వాసం సంపూర్ణమైతే మందు అవసరమే రాదు అని చెబుతాము.

ఆమె రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. మామగారు అబద్ధం రాశారన్న మాట మనసులోకి రాబోతే, దాన్ని తలుపు దగ్గరే నిలబెట్టేసింది. ఆయన ఎలాంటి మనిషో ఆమెకి తెలుసు. దుకాణంలో రెండు రూపాయలు ఎక్కువ తిరిగొస్తే ఎండలో అరమైలు వెనక్కి నడిచి ఇచ్చొచ్చే మనిషి. పోనీ పొరపాటున వదిలేశారనుకుందామా? ఎకరాల కొలతలో అంగుళం తేడా వస్తే మళ్ళీ మొదటి రాయి దగ్గర్నుంచి కొలిచిన మనిషికి మూడు మాటలు ఎలా కనబడకుండా పోతాయి?

“ఏమైంది? దారం అయిపోయిందా?” అని యజమాని కేకేశాడు.

“లేదు... నడుం పట్టేసింది” అంది.

ఆ రోజు ఇక ఆ పుస్తకం కుట్టలేదు. బడి రిజిస్టర్లు ముందేసుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామగారు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పెన్సిలు చెక్కుతున్నారు. ఆయన చెక్కిన పెన్సిలు మొన అచ్చం సూదిలా ఉంటుంది. భర్త ఇంకా రాలేదు. సిటీ బస్సు డ్రైవరు. ఈ వారం రెండో షిఫ్టు. అతను ఇంట్లో ఉన్నా ఈ విషయంలో ఒరిగేదేమీ లేదు. నాన్నకీ నీకూ మధ్య మత విషయాలొస్తే నన్ను లాగకు, నాకు బ్రేకులు తప్ప ఏమీ తెలీదు అనేవాడు.

ఆమె కరపత్రం తీసి బల్ల మీద పెట్టింది.

“మామయ్యా, ఇది చూశారా మీరు? పుస్తకంలో వాక్యం సగమే పడింది.”

ఆయన కరపత్రం వంక చూడనైనా లేదు. పెన్సిలు మొన ఊదుతూ, “పడలేదమ్మా. నేనే అంతవరకు తీసుకున్నాను” అన్నారు.

పొరపాటే అంటారని ఆమె దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది.

“అలా తీసుకుంటే మాట తిరగబడిపోతుంది కదా మామయ్యా. లేదు అని చెప్పము అన్నాడతను. లేదు అన్నాడని రాశారు మీరు.”

“అతనేమన్నాడో చదివావా కింద? విశ్వాసం సంపూర్ణమైతే మందు అక్కర్లేదన్నాడు. అంటే ఏమిటి? మందు వాడుతున్నావంటే నీ విశ్వాసం సంపూర్ణం కాలేదనేగా. దానికీ దీనికీ తేడా ఏమిటో చెప్పు.”

ఆమె ఆలోచించింది. తేడా ఉన్నట్టే ఉంది, చేత్తో పట్టుకుందామంటే చిక్కడం లేదు.

“చెప్పలేను మామయ్యా. కానీ తేడా లేకపోతే ఆ మూడు మాటలు తీసెయ్యడం ఎందుకు?”

ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టారు. కోపం రాలేదు; పాఠం అర్థంకాని విద్యార్థిని చూసినట్టు చూశారు.

“అవి ముసుగమ్మా. పోలీసులొచ్చి అడిగితే చూపించడానికి పెట్టుకున్న ముసుగు. ముసుగు తీసి మొహం చూపించాను. అది అబద్ధమా? పోయి మీ అక్కని అడుగు, ఏ మాట నిజమో.”

“అక్కనా?”

“నీకు తెలీదా? మీ అక్క మందులు తీసి మోరీలో పారేసిందిట. కమిటీలో చెప్పుకుంటున్నారు.”

అక్కకి మూర్ఛ రోగం ఉంది. మాత్రలు వేసుకుంటున్నందువల్ల తొమ్మిదేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. ఈమధ్య ఆ మేడ మీది హాలుకి వెళ్తోందని మాత్రమే దారాలమ్మకి తెలుసు. ఆ విషయంలోనే ఇద్దరికీ మాట పట్టింపు వచ్చి నెల రోజులుగా ఫోన్లు లేవు.

మామగారు చెప్పింది నిజమైతే ఆయన పుస్తకంలో రాసిందీ నిజమే. మరి కరపత్రంలో ఉన్నది? ఆమె గిన్నెలు తోముతూ అదే ఆలోచించింది. తోమిన గిన్నెనే రెండుసార్లు తోమింది.

మరునాడు మధ్యాహ్నం సెలవడిగి అక్క పనిచేసే పసిపిల్లల బడికి వెళ్ళింది. పిల్లలంతా చాపల మీద వరసగా నిద్రపోతున్నారు. అక్క మధ్యలో కూర్చుని ఎవరైనా కదిలితే వాళ్ళ వీపు మీద చెయ్యి వేస్తోంది. చెల్లెల్ని చూసి లేవబోయి గోడ పట్టుకుంది. ఎడమ కంటి మీద నల్లగా కమిలిన దెబ్బ.

“స్నానాల గదిలో జారాను” అంది ముందే.

“నోరు తెరువు.”

“ఏమే, నేనేమన్నా పసిపిల్లనా?”

“తెరువక్కా.”

అక్క తెరవలేదు, కానీ ఆ మాటల్లో ముద్దగా పలికిన అక్షరాలే చెప్పేశాయి. నాలుక తెగింది. దారాలమ్మ చాప అంచున కూలబడింది.

“ఎప్పుడు?”

“మొన్న ఆదివారం. ఎంతసేపు పడున్నానో తెలీదు. లేచేసరికి నీళ్ళు కారి కారి బకెట్టు పొర్లిపోతోంది.” అక్క గొంతు తగ్గించింది. “ఇక్కడ చెప్పకు. తెలిస్తే పిల్లల్ని ముట్టుకోనివ్వరు.”

“మాత్రలు ఎందుకు మానేశావు? వాళ్ళు మానెయ్యమన్నారా?”

“వాళ్ళెవరూ ఏమీ అనలేదు.”

“అనకుండా ఎందుకు మానేశావు?”

అక్క ఒక పిల్ల మొహం మీది జుట్టు పక్కకి తీసింది. “వాళ్ళ నియమం అదేగా.”

“అదని ఎవరు చెప్పారు?”

“మీ మామగారే చెప్పారుగా” అంది అక్క, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. “నాలుగు ఆదివారాల కిందట మన చర్చిలో లేచి చెప్పలా? మందు మింగేవాడికి విశ్వాసం లేదని ఆ టైలరు బోధిస్తున్నాడు, జాగ్రత్త అని. ఆ రోజు నేను వెనక బెంచీలో ఉన్నాను. అంతవరకు నాకూ తెలీదు. అయ్యో, వీళ్ళకి తెలియకుండా మాత్రలు మింగుతూ వీళ్ళ మధ్య కూర్చుంటున్నానే అని సిగ్గేసింది.”

ఆ ఆదివారం దారాలమ్మ కూడా చర్చిలోనే ఉంది; ఆ మాట చెవిన పడిందే తప్ప లోపలికి వెళ్ళలేదు.

“అతన్ని అడగొచ్చు కదక్కా ఒక్కసారి?”

“ఏమని అడగను? అడిగితే విశ్వాసం లేదనుకోరూ? అక్కడ నా చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తారే. మన చర్చిలో, నాకు ఫిట్స్ వచ్చిన రోజు నుంచీ, నేను కూర్చున్న బెంచీలో ఒక మనిషి జాగా ఖాళీగానే ఉంటుంది. తొమ్మిదేళ్ళు. నువ్వెప్పుడన్నా చూశావా?”

చూసిందో లేదో దారాలమ్మకి గుర్తు రాలేదు. తను ముందు వరసలో మామగారి పక్కన కూర్చుంటుంది.

“అతను మందులొద్దని రాయలేదక్కా. నేను చదివాను. విశ్వాసం లేదని మేము చెప్పము అనే రాశాడు.”

“నన్ను వెనక్కి లాగడానికి ఎన్నైనా చెబుతావు” అంది అక్క. అప్పుడే ఒక పిల్ల లేచి ఏడుపు అందుకుంది. దానితో మొత్తం వరస లేచింది. ఇక మాటలకి సందు దొరకలేదు.

ఆ సాయంత్రం ఆమె మామగారికి అంతా చెప్పింది, నాలుక తెగిన సంగతితో సహా. చెబుతూ ఆయన మొహంలోకి చూడలేక గోడ మీది గడియారం చూస్తూ చెప్పింది. ఆయన చెయ్యి అలవాటుగా ఒక వేలు మడిచింది. ఒకటి అంటారనుకుంది. అనలేదు. మడిచిన వేలు అలాగే ఉంది.

“నేను చెబితేనే తెలిసిందందా?”

“అవును మామయ్యా.”

ఆయన లేచి పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

బుధవారం పొద్దున ఆయన అక్క పాత మందుల చీటీ కోడలి చేత వెతికించి, ఆస్పత్రికి వెళ్ళి, డాక్టరుతో మాట్లాడి, ఎంత మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టాలో రాయించుకుని, మాత్రలు కొనుక్కుని, ఒంట్లో బాగోక బడి మానేసి ఉన్న అక్క ఇంటికి నేరుగా వెళ్ళారు. మధ్యాహ్నానికల్లా ప్రెస్సులో ప్రత్యక్షమయ్యారు. పద్నాలుగేళ్ళలో ఆయన ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. చేతిలో మందుల పొట్లం అలాగే ఉంది.

“తీసుకోలేదమ్మా” అన్నారు. “తప్పు చెప్పానమ్మా, వాళ్ళ నియమం అది కాదు అన్నాను. అప్పుడు చెప్పిందీ మీరే, ఇప్పుడు చెబుతున్నదీ మీరే, ఏది నమ్మమంటారు అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.”

ఆయన నిలబడే ఉన్నారు. యజమాని కుర్చీ తెచ్చి వేసినా చూడలేదు.

“ఆ టైలరు కొట్టు ఎక్కడో నీకు తెలుసా?”

కొట్టు పెద్దదేం కాదు. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, తీగకి వేలాడదీసిన చేతుల్లేని కోట్లు. టైలరు ఒక పెద్దమనిషికి భుజాల కొలత తీస్తున్నాడు. నోట్లో నాలుగు గుండుసూదులు. గుమ్మంలో మామగారిని చూడగానే గుర్తుపట్టాడు. కొలత కాగితం మీద రాసి, పెద్దమనిషిని పంపించి, సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాడు.

“వాదనకైతే ఆదివారం హాలుకి రండి పెద్దాయనా. ఇక్కడ నాకు బేరాలు” అన్నాడు.

“వాదనకి రాలేదు. మీ వాక్యం సగం కోసి చర్చిలో చెప్పాను. పుస్తకంలో కూడా వేశాను. అది చెప్పడానికొచ్చాను.”

టైలరు మొహం ఎర్రబడింది. “తెలుసండీ. మీరు చెప్పిన మర్నాడే ముగ్గురు వచ్చి గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. మందులు మాన్పించి మనుషుల్ని చంపేవాడి దగ్గర చొక్కా కుట్టించుకోరట. నేను ఎవర్ని మాన్పించానో ఒక్కరి పేరు చెప్పండి.”

“ఒక్కరున్నారు” అన్నారు మామగారు. “మాన్పించింది మీరు కాదు. నేను.”

సంగతి మొత్తం చెప్పారు. దారాలమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. టైలరు కోపం మాటమాటకీ దిగిపోతూ వచ్చి, చివరికి కంగారుగా మారింది.

“ఆవిడకా? పసిపిల్లల బడి ఆయమ్మకా? ఫిట్స్ ఉన్నాయని మాకెవరికీ చెప్పలేదండీ. ఊరికే మోకాళ్ళ నొప్పులంది. మోకాళ్ళ కోసం ప్రార్థన చేశాం.”

“మా మాట ఆవిడ నమ్మదు. మీరొచ్చి చెప్పాలి” అన్నారు మామగారు. తరవాత, ఆయన నోట ఎన్నడూ వినని మాట ఒకటి అన్నారు. “దయచేసి.”

టైలరు మిషను మీద గుడ్డ కప్పాడు.

అక్క గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. దాన్ని ఇద్దరూ ఒకరికొకరు చూపించుకుని, చివరికి ఇద్దరూ నిలబడ్డారు. అక్క మంచం మీద కూర్చుని, తన గదిలో ఈ ఇద్దరూ ఒకేసారి ఎలా ఉన్నారో అర్థం కాక చెల్లెలి వంక చూసింది.

“సహోదరీ, మందు వద్దని నేనెప్పుడూ అనలేదమ్మా” అన్నాడు టైలరు. “వేసుకో. నా మాట మీద వేసుకో.”

అక్క భుజాలు కిందికి దిగాయి. దారాలమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది. మామగారు పొట్లం విప్పి చీటీలో ఉన్న మోతాదు మళ్ళీ ఒకసారి చూసి, మాత్ర తుంచి అరచేతిలో పెట్టారు.

“నీ విశ్వాసం సంపూర్ణమైన రోజున దీని అవసరం దానంతటదే పోతుంది. దిగులుపడకు” అన్నాడు టైలరు, ఓదార్పుగానే.

నోటి దాకా వెళ్ళిన చెయ్యి ఆగిపోయింది. “అయితే ఇది వేసుకుంటున్నానంటే నాది సగం విశ్వాసమేనాండీ?”

దారాలమ్మ మామగారి చేతుల వంక చూసింది. వేళ్ళు మడవడం ఇక మొదలవుతుంది. వాక్యం నుంచి ఒకటి, రెండు, మూడు ఆధారాలు వస్తాయి. అవన్నీ ఆమెకి కంఠతా వచ్చు. మూడో ఫారంలో నాలుగు పేజీల నిండా ఉన్నాయి. ఆయన చేతులు కదల్లేదు.

“అయ్యా” అన్నారాయన టైలరుతో. “నా భార్య పదకొండు నెలలు మంచంలో ఉంది. మందులు వాడాం, ప్రార్థనలూ చేశాం. రెండూ పనిచేయలేదు. చివరి రోజున కూడా నాకంటే ముందు తనే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆవిడ విశ్వాసం చాలలేదని ఎవరన్నా అంటే మాత్రం నేను ఒప్పుకోను. దేవుడొచ్చి అన్నా ఒప్పుకోను. ఆయన అనడు. అంత నమ్మకం నాకుంది. నేను నమ్మే మతం అదే.”

దారాలమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే అత్తగారు లేరు. ఆయన ఆవిడ గురించి ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడడం ఆమె ఎరగదు.

“నేను ఆవిడ గురించి అనలేదండీ” అన్నాడు టైలరు నెమ్మదిగా.

“అనలేదు. రేపు ఈవిడకి మళ్ళీ ఫిట్స్ వస్తే, ఈవిడ గురించి ఏమంటారు?”

టైలరు మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చివరిదాకా చుట్టాడు. “ప్రార్థన చేస్తాం” అన్నాడు.

“చెయ్యండి. నేనూ చేస్తాను. నయం కాకపోతే మాత్రం ఆ నేరం ఆవిడ మీద మోపకండి.”

టైలరు చుట్టిన టేపును మళ్ళీ విప్పసాగాడు. అక్క ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఇంకెవరైనా ఇంకేమైనా అనేలోపే అన్నట్టు, మాత్ర గబుక్కున నోట్లో వేసుకుని నీళ్ళు తాగేసింది.

మెట్లు దిగేటప్పుడు మామగారు అడిగారు: “వాదనకి రాలేదని చెప్పి వాదించాను. తప్పు చేశానంటావా?”

“తెలీదు మామయ్యా” అంది ఆమె. నిజంగానే తెలీదు. టైలరు చెడ్డవాడు కాదని తేలింది. అతను చెప్పేది తప్పేనని కూడా, ఆ గదిలో, అక్క చెయ్యి ఆగిపోయినప్పుడు ఆమెకి తేలింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో ఆమె బుర్రకి అందలేదు.

శుక్ర, శనివారాలు మామగారు ప్రెస్సులోనే గడిపారు. మూడో ఫారం తీసేసి కొత్తది వెయ్యాలి. కుట్టని ఏడు వందలతో ఇబ్బంది లేదు. కుట్టేసిన మూడు వందల పుస్తకాల దారాలు విప్పాలి. కత్తెర మొనతో మడతలోని దారం ఎత్తి, కత్తిరించి, కాగితం చిరగకుండా లాగాలి. ఆమె చూపించింది. మొదటి పది పుస్తకాలు ఆయన చింపేశారు. తరవాత చేయి కుదిరింది. తను కుట్టిన కుట్లు తనే విప్పుకుంటుంటే దారాలమ్మకి ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం తల ఎత్తకుండా విప్పుతూనే ఉన్నారు.

“రెండో ఫారం కూడా ఇటు పడేయమ్మా” అన్నారు శనివారం మధ్యాహ్నం, ఉన్నట్టుండి. యజమాని వైపు తిరిగారు. “మీ మతం గురించి నేను ఎక్కడ తప్పు రాశానో గుర్తులు పెట్టి ఇస్తారా? పెట్టాక కూడా నేను మీతో ఏకీభవించను. అది ముందే చెబుతున్నాను.”

“ఏకీభవిస్తే నాకూ అనుమానం వస్తుంది పెద్దాయనా” అన్నాడు యజమాని, ఎర్ర పెన్ను కోసం జేబు తడుముకుంటూ.

ఆదివారం చర్చిలో ఆయన లేచారు. వాక్యం పూర్తిగా చదివారు. నాలుగు వారాల కిందట దీన్ని సగానికి కోసి చెప్పాను, అది దొంగ సాక్ష్యం, క్షమించమని అడుగుతున్నాను అన్నారు. చర్చి అంతా గుసగుసలు.

“అయితే వాళ్ళ బోధ మంచిదేనంటారా?” అని కమిటీలో ఒకాయన లేచి అడిగాడు.

“కాదు. తప్పు బోధే. ఎక్కడ తప్పో ఇప్పుడు చెబుతాను” అన్నారు.

చెప్పడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళు మడవలేదు. ఒకచోట ఆగిపోయి, ఇక్కడ నాకూ పూర్తిగా తెలీదు, ఇంకా చదవాలి అన్నారు. వెనక వరసల్లో జనం గడియారం చూసుకోవడం మొదలుపెట్టారు. బయట మెట్ల మీద కమిటీ ఆయన ఇంకొకరితో అంటున్నాడు: “ముందు చెప్పిందే బావుంది. ఎవరికైనా చెప్పుకోడానికి వీలుగా ఉండేది.”

దారాలమ్మ ఆ మాట విని, వాళ్ళని దాటుకుని మెట్లు దిగింది.

ఆమె ఇంటికి వెళ్ళలేదు. అక్క గదికి వెళ్ళింది. అక్క ఆ రోజు చర్చికీ రాలేదు, హాలుకీ వెళ్ళలేదు. మళ్ళీ మొదలుపెట్టిన మాత్రల మత్తుతో పడుకుని ఉంది. ముందురోజు టైలరు భార్య వచ్చి బట్టలు ఉతికి వెళ్ళిందట. మామగారు ఉదయాన్నే వచ్చి డాక్టరు చీటీని తలుపు లోపలి వైపు అంటించి, మోతాదు, వేళలు సూదిమొన పెన్సిలుతో రాసి వెళ్ళారట.

“వచ్చే ఆదివారం ఎక్కడికి వెళ్తావు?” అంది దారాలమ్మ.

“అదే తెలీట్లేదు. మన చర్చిలో ఆ ఖాళీ జాగా ఇంకా అలాగే ఉంటుందా?”

“నేనొచ్చి కూర్చుంటాను అందులో.”

అక్క దుప్పటి మెడదాకా లాక్కుంది. “ఆ హాలుకీ వెళ్ళాలనిపిస్తుంది. చేతులు పట్టుకుంటారు కదా. కానీ పట్టుకున్నప్పుడల్లా, వీళ్ళు నాది ఇంకా సగం అనుకుంటున్నారేమోనని ఉంటుంది.” పక్కకి తిరిగింది. “చెల్లీ, ఇన్ని మతాల పుస్తకాలు నీ చేతుల మీదుగా పోయాయి. నీకు తెలిసుండాలి. ఎవరు చెప్పేది నిజమంటావు?”

దారాలమ్మ నోరు తెరిచింది. చిన్నప్పటి నుంచి తను నమ్మిందేదో ఆమెకి తెలుసు, ఈ రోజూ నమ్ముతోంది. మామగారు ఈ గదిలో అన్న మాట కూడా నిజమని తెలుసు. కానీ ఆ నిజం చెప్పిన నోరే నాలుగు వారాల కిందట ఇంకోటి చెప్పింది. తప్పు బోధ చెప్పే టైలరే తన మిషను మీద గుడ్డ కప్పి లేచి వచ్చాడు. ఇదంతా వరసగా పేర్చి అక్క చేతికి ఇవ్వాలనుకుంది. ఎటు నుంచి పేర్చినా ఏదో ఒకటి బయటికి జారిపోతోంది.

తలుపు మీది చీటీ వంక చూసింది. గోడ గడియారం వంక చూసింది.

“వేళ దాటిపోతోంది. లే, మాత్ర వేసుకో” అంది. “అంతవరకైతే నాకు తెలుసు.”

అక్క లేచి కూర్చుంది. మాత్ర వేసుకుని, గ్లాసు అడుగు దాకా తాగి, తిరిగి ఇచ్చింది.

“నేను నిద్రపోయేదాకా ఉంటావా?”

దారాలమ్మ మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.